పూసగ్రుచ్చిన చరిత్ర

పూస యను మాటకు మన తెలుగున ఉన్నంత పలుకుబడి మఱి యే చిన్న వస్తువు పేరునకును లేదేమో. వీపునందలి యెముక వెన్నుపూస. మజ్జిగ చిలుకగా తేలినది వెన్నపూస. పండుగనాడు మూకుడులో వేగునది కారపుపూస. జరిగినదానిని వరుస తప్పక చెప్పినవానిని పూసగ్రుచ్చినట్లు చెప్పెనందుము. చాలకాలమునకు కనబడిన స్నేహితుని “నల్లపూసవైతివి గదా” యని నిష్ఠురమాడుదుము. ఈ కడపటి మాట ఢిల్లీ తెలుగువారికి మిక్కిలి పరిచితము. ఒకరు కరోల్‌బాగునను, మఱియొకరు రామకృష్ణపురమునను కాపురముండి, సంవత్సరమున కొకసారి ఉగాదినాడు మాత్రమే కలసికొనువారికి ఆ నిష్ఠురము తప్పదు.

ఇన్ని విధముల నోటికి వచ్చు ఈ వస్తువు కంటికి మాత్రము ఆనదు. మన సర్కారు క్వార్టర్లలో ఎన్ని యిండ్లలో మధ్యాహ్నపు తీరికవేళ ఒక పళ్లెములో రంగురంగుల పూసలు పోసికొని, సన్నని సూదితో తోరణములు, చిలుకలు, చిన్న సంచులు, హారములు అల్లుచున్నారో లెక్కించినవారు లేరు. అల్లినది అమ్మకమునకు కాదు. మేనకోడలి పెండ్లికో, ప్రక్కింటివారి గృహప్రవేశమునకో, బదిలీపై పోవు స్నేహితురాలికో కానుకగా పోవును. మనము దానిని చూచి “బాగున్నది” అందుము. మనసులో “పొద్దుపోని పని” అనుకొందుము. ఈ రెండవ మాట విషయమున నాకు తగవున్నది. పొద్దుపోని పని యైనచో అది మానవుని పనులలో మిక్కిలి పాతది, మిక్కిలి దూరము ప్రయాణము చేసినది. దానికి చరిత్ర కలదు. ఆ చరిత్రలో తెలుగుదేశమునకు చిన్నది కాని పాలు కలదు.

దక్షిణాఫ్రికాలోని బ్లాంబోస్ గుహలో దొరికిన గవ్వపూసల వయస్సు సుమారు 75,000 ఏండ్లు. మన దేశములో మహారాష్ట్రమందలి పట్నె అను చోట నిప్పుకోడి గ్రుడ్డు పెంకుతో చేసిన పూసలు దొరకినవి. అవి దాదాపు 25,000 ఏండ్ల నాటివి. నిప్పుకోడి ఈ దేశమున తిరిగెనన్న సంగతియే మనకు వింతగా తోచును. ఆనాటికి వ్యవసాయము లేదు, కుండ లేదు, లోహము లేదు. తిండికి రేపటి నమ్మకము లేని మనుష్యుడు పెంకును ముక్కలుచేసి, గుండ్రముగా అరగదీసి, నడుమ బెజ్జము వేసి, దారమున గ్రుచ్చెను. అవసరములన్నియు తీరిన పిమ్మటనే అలంకారము పుట్టునను మన సిద్ధాంతమునకు ఈ పెంకుముక్క లొప్పుకొనవు.

పూసను పరిశ్రమగా తీర్చినవారు సింధునదీ నాగరికులు. 1935-36 లో ఎర్నెస్ట్ మెకే సింధురాష్ట్రములోని చన్హుదారోను త్రవ్వినప్పుడు, పూసలు చేయు పనిశాలయు, కొలిమియు, సగము చేసి విడిచిన పూసలును బయల్పడినవి. 1955 మొదలు ఎస్.ఆర్. రావుగారు గుజరాతులోని లోథాలును త్రవ్వగా అచ్చటను అట్టి కర్మాగారమే కానవచ్చెను. వారికి ప్రియమైనది కార్నీలియను, అనగా మన వర్తకులు అకీకు అని పిలుచు ఎఱ్ఱరాయి. గనిలో దొరకునప్పుడు అది ఎఱ్ఱగా నుండదు. ఎండలో ఆరబెట్టి, నిదానముగా కాల్చినచో, అందలి యినుము మారి రాయికి ఆ రక్తవర్ణము వచ్చును. కాల్చుటయు తేలికయే, చెక్కుటయు కొంత తేలికయే. కష్టమంతయు బెజ్జములోనే కలదు.

ఆ నాగరికులు చేసిన పొడవైన పూసలు కొన్ని 12 సెంటీమీటర్లను మించినవి. అంత పొడవున, అంత గట్టి రాతిలో, వెండ్రుకవాసి తప్పకుండ రెండు కొనలనుండి తొలిచి నడుమ కలుపవలెను. అందులకు వారు ఉపయోగించిన తొలుపుడు మొన ఒక విచిత్రమైన గట్టిరాయి. చన్హుదారోను త్రవ్విన మెకే గౌరవార్థము దానికి ఎర్నెస్టైటు అని పేరిడిరి. అమెరికా పండితుడు జోనథన్ మార్క్ కెనోయరు అట్టి మొనతో తాను తొలిచి చూచి, గంటకు రెండున్నర మిల్లీమీటర్లు మాత్రమే సాగునని తేల్చెను. అనగా పూసకు కొన్ని దినములు. అట్టివి ముప్పది యారు గ్రుచ్చిన నడికట్టునకు ఏడాదికి మించిన పని. ఇరాకులోని ఉర్ నగరపు రాజసమాధులలో, రాణి ప్యూఅబి కాలమునాటి సంపదలో, ఈ పొడవు పూసలు లియొనార్డ్ వూలీకి దొరకినవి. సముద్రము దాటిపోయిన మన మొదటి ఎగుమతులలో ఇది యొకటి.

ఈ పని నేటికిని గుజరాతులోని ఖంభాతునందు జరుగుచున్నది. రతన్‌పురపు గనుల రాయి, అదే కాల్పు, అదే విల్లు తొలుపుడు చాలకాలము సాగి, తరువాత విద్యుత్తు వచ్చినది. విద్యుత్తుతో వేగము పెరిగెను, దానితో ధూళియు పెరిగెను. ఆ రాతిపొడి పీల్చిన పనివారికి ఊపిరితిత్తులు గట్టిపడు సిలికోసిస్ వ్యాధి సోకుచున్నదని వైద్యపరిశోధకులు పలుమార్లు నిరూపించిరి. అయిదువేల యేండ్ల నాటి పనితనమును పొగడు వ్యాసములలో ఈ మాట తఱచుగా కానరాదు. పూస మెరయుటకు ఎవరో ఒకరు దుమ్ము పీల్చిరని కూడ చరిత్రలో నుండవలెను.

జన్‌పథ్‌లోని జాతీయ మ్యూజియములో మొహెంజొదారో నగలను చూచిన సభ్యులు మనలో పెక్కురు. కాని ఆ నగలకు జరిగిన సంగతి అందఱకు తెలియదు. 1947 లో దేశవిభజన జరిగిననాటికి మొహెంజొదారో వస్తువులు సుమారు 12,000 ఢిల్లీలో నుండెను. ఆనాడు ప్రభుత్వ కార్యాలయములలో బల్లలు, కుర్చీలు, టైపు మిషనులు సైతము లెక్కించి పంచుకొన్న వృత్తాంతము సెక్రటేరియటు ఉద్యోగులు తరతరములుగా చెప్పుకొనునదే. పురావస్తువులకు చెరిసగము అను సూత్రము కుదిరెను. ముద్రలను, కుండలను లెక్కపెట్టి పంచవచ్చును. ఒకే ఒక్క హారమున్నచో ఏమి చేయవలెను? దానిని విప్పిరి. బంగారపు పూసల హారమును, కార్నీలియను మేఖలను సగము పూసలు ఇటు, సగము పూసలు అటు చేసిరి. కాబట్టి మనము అద్దము వెనుక చూచుచున్నది సగము. రెండవ సగము పాకిస్తానులో నున్నది. ఫైలు రెండుగా చీల్చినచో నకలు తీసికొనవచ్చును. ఈ హారములకు నకలు లేదు. నాలుగువేల యేండ్లు మట్టిలో చెదరక నిలిచిన వరుస, పరిపాలనా సౌలభ్యమునకై ఒక్క దినమున విడిపోయెను. ఆ నిర్ణయము చేసినవారిపై ఎంత ఒత్తిడి యుండెనో ఊహింపగలను. అయినను అది సరియైన నిర్ణయమని నేను అనలేను.

మన ప్రాచీనులు పూసల పేటలను ఎంత శ్రద్ధతో లెక్కించిరో కౌటిల్యుని అర్థశాస్త్రమున చూడవచ్చును. కోశములో చేర్చుకొనవలసిన రత్నముల పరీక్షను గూర్చిన అధ్యాయములో ఆయన హారముల పేరులు పేటల సంఖ్యతో సహా వ్రాసెను. 1008 పేటలు గలది ఇంద్రచ్ఛందము. అందులో సగము, 504 పేటలది, విజయచ్ఛందము. 64 పేటలది అర్ధహారము. 27 పేటలది నక్షత్రమాల. స్టోరు రిజిస్టరు వ్రాయు గుమాస్తా మనసు ఎంతటి పురాతనమో ఇందువలన తెలియుచున్నది. వాత్స్యాయనుడు చెప్పిన అరువదినాలుగు కళలలో మాలలు గ్రుచ్చుట, సూదిపని, భూషణములను కూర్చుట, మణుల రంగుల జ్ఞానము వేఱువేఱు కళలుగా చేరినవి. పూసల అల్లికకు ఈ నాలుగును కావలెను. కౌటిల్యుడు ఖజానాకును, వాత్స్యాయనుడు ఇంటికిని అదే విద్యను అన్వయించిరి.

ఇక మన దేశమునకు వత్తము. తెలంగాణములోని కొండాపురమును నిజాము ప్రభుత్వపు పురాతత్త్వశాఖ 1940 ప్రాంతమున త్రవ్వించినది. శాతవాహనుల నాణెములతోపాటు అచ్చట రాతిపూసలు, గాజుపూసలు, మట్టిపూసలు విస్తారముగా దొరకినవి. ఎం.జి. దీక్షిత్ గారు ఆ పూసలను మాత్రమే తీసికొని 1952 లో ప్రత్యేకముగా ఒక గ్రంథమును ప్రకటించిరి. నాణెమునకు రాజు పేరు పలుకగల నోరు కలదు, పూస మూగది. అట్టి మూగవస్తువునకు ఒక పండితుడు గ్రంథమునంతటిని కేటాయించుట ఆ రోజులలో సామాన్యము కాదు.

గాజుపూసల కథకు కేంద్రము పుదుచ్చేరి చేరువనున్న అరికమేడు. 1945 లో మార్టిమర్ వీలరు త్రవ్విన యీ రేవుపట్టణము రోమక వర్తకమునకు ప్రసిద్ధి కెక్కినది. అందఱు రోము పాత్రలను చూచిరి. పీటర్ ఫ్రాన్సిస్ అను అమెరికా పరిశోధకుడు మాత్రము నేలమీద ఆవగింజలవలె చిందియున్న పూసలను చూచెను. అయిదు మిల్లీమీటర్లకు మించని ఈ చిన్న గాజుపూసలు తూర్పున థాయిలాండు, వియత్నాములకును, కొరియా, జపానులకును. పడమట ఆఫ్రికా తూర్పుతీరమునకును, అటనుండి లోతట్టుననున్న మాపుంగుబ్వే వంటి రాజధానులకును పోయినవి. అందుచేతనే ఆయన వానికి ఇండో-పసిఫిక్ పూసలని పేరుపెట్టెను. ఇండొనేషియాలోని తీమోరు దీవులలో ఎఱ్ఱమట్టిరంగు గల ఇట్టి పూసలను ముతిసాలా యందురు. తప్పుముత్యమని దాని అర్థము. మన ముత్యమును, సంస్కృతపు ముక్తయు ఆ మాటలో వినబడుచునే యున్నవి. అచ్చట అవి తరతరముల ఆస్తి, పెండ్లికానుక.

ఈ పూసలను ఒక్కటొక్కటిగా చేయలేదు. చేసియున్నచో కోట్లకొలది పూసలు సముద్రములు దాటుట సాధ్యము కాదు. వీనిని చేయు పద్ధతి గ్రంథములలో లేదు. త్రవ్వకములలో గొట్టముల తునకలు మాత్రమే దొరకినవి. ఆ పద్ధతిని ప్రాణముతో చూపిన చోటు రేణిగుంటకును శ్రీకాళహస్తికిని నడుమనున్న పాపానాయుడుపేట.

1980 తరువాత ఫ్రాన్సిస్ ఆ యూరికి వచ్చి చూచి వ్రాసినదానిని బట్టి ఆ పని యిట్లుండెను. కరిగిన గాజును ముద్దగా ఒక పొడవైన యినుపగొట్టము కొనకు చుట్టుదురు. ఆ గొట్టమును లాడ యందురని ఆయన వ్రాసెను. ముద్దను దొర్లించి దొర్లించి మొనగల శంకువుగా తీర్చి, గొట్టము లోపలినుండి ఒక కడ్డీని పొడిచి ముద్ద నడుమ బెజ్జము కలుగజేయుదురు. పిమ్మట దానిని మరల కొలిమిలో నుంచగా, ఎదుట కూర్చున్న పెద్దపనివాడు కొక్కెముతో మొనను పట్టి లాగును. లోపలి బెజ్జముతో సహా గాజు సన్నని గొట్టమై వచ్చుచుండును. అతడు చేతి వెంట చేయి వేసి, బావిలోనుండి చేద లాగినట్లు, గంటల తరబడి ఒకే వేగముతో లాగుచునే యుండవలెను. వేగము హెచ్చిన గొట్టము సన్నబడును, తగ్గిన లావగును. కొలబద్ద లేదు, కొలత యంతయు ఆ వ్రేళ్లలోనే కలదు.

తరువాతి పని ముక్కలు చేయుట. గొట్టములను కత్తివాదరపై నుంచి చిన్న తునకలుగా కొట్టుదురు. తునక అంచులు పదునుగా నుండును. దారమును కోయును, మెడను గీరును. కాబట్టి వానిని బూడిదతో కలిపి బెజ్జములు పూడునట్లు చేసి, పెనముపై మరల కాల్చి కలియబెట్టుదురు. అంచులు కరిగి గుండ్రమగును; బూడిద లోపలనుండుటచే బెజ్జము మూతపడదు. ఆ బూడిద ఉపాయమును కనిపెట్టినవాని పేరు ఏ శాసనమునను లేదు. పేరు నిలిచిన పలువురు దండనాయకుల కంటె అతని బుద్ధి మిన్న యని నా యభిప్రాయము.

రెండువేల యేండ్ల క్రింద అరికమేటిలో నడచిన యీ విద్య అప్పటికి లోకములో పాపానాయుడుపేటలోనే మిగిలియున్నదని ఫ్రాన్సిస్ తేల్చెను. తిరుపతికి పోవు మనము ఆ దారిని ఎన్నిమారులు రైలులో దాటితిమో! కిటికీలోనుండి స్టేషను పేరు చదివి మరల పత్రికలో తల దూర్చితిమి. మన పాఠ్యపుస్తకములలో రోమక నాణెముల కున్న చోటు ఈ యూరికి లేదు.

వెనిసు నగరమువారు ఇదే ఫలమును మఱియొక త్రోవన సాధించిరి. అగ్నిభయముచే 1291 లో గాజు కొలుములను మురానో దీవికి తరలించిన ఆ నగరము, 15 వ శతాబ్ది చివర గాజుగొట్టపు పూసలలో దిగెను. అచ్చట ముద్దకు రెండువైపుల రెండు కడ్డీలు తగిలించి, ఇద్దరు పనివాండ్రు ఎదురెదురు దిక్కులకు పోవుచు దానిని సాగదీయుదురు. మనవాడు కూర్చుండి లాగెను, వారు నడచి లాగిరి. చేసిన పూసలను దారములకు గ్రుచ్చువారు మాత్రము అచ్చటను ఇంటిపట్టున నుండు స్త్రీలే. వెనిసు భాషలో వారిని ఇంపిరారెస్సెలందురు. ఐరోపా ఓడలు ఈ పూసలను ఆఫ్రికాకు చేర్చి మన పూసల బేరమును చాలవరకు దెబ్బతీసినవి.

ఇచట చరిత్ర ఒక వింత మలుపు తిరిగినది. 19 వ శతాబ్దిలో జాంజిబారు మొదలగు రేవులలో వర్తకము చేయుచుండిన గుజరాతీలు ఆ వెనిసు పూసలనే స్వదేశమునకు కొనివచ్చిరి. వానితో కాఠియావాడులో మోతీభరత్ అను గొప్ప అల్లిక పుట్టినది. ఒకప్పుడు ఆఫ్రికాకు పూసలు పంపిన దేశము ఆఫ్రికా మీదుగా పూసలు తెచ్చుకొన్నది! కాఠీ కులస్త్రీలు, తరువాత ఇతర గృహిణులు, తెల్లని నేలపై ఎఱుపు, పచ్చ, నీలపు రంగులతో గుమ్మపు తోరణములు, గోడకు వ్రేలాడు చౌకములు, బిందె క్రింది చుట్టకుదురులు, ఎడ్ల కొమ్ములకు తొడుగులు అల్లిరి. గుడ్డపై కుట్టినది కాదు. దారముతో పూసకు పూస ముడివేసి, పూసలే గుడ్డగా మారునట్లు అల్లినది. పెండ్లికూతురుతో అత్తవారింటికి పోయిన ఆ సారెలోని పనితనమును బట్టి ఆమె నేర్పును, పుట్టినింటి మర్యాదను అంచనా కట్టెడివారు.

మన యిండ్లలోని పూసల తోరణమును విప్పి చూచినవారికి ఆ ముడులలో చాలవఱకు కాఠియావాడు ముడులతో పోలికయే కనబడును. ఎవరు ఎవరినుండి నేర్చిరన్న సంగతికి తామ్రశాసనములుండవు. ఒక రైల్వే కాలనీలో ప్రక్కప్రక్క ఇండ్లలో నుండిన ఇద్దరు ఇల్లాండ్రు, ఒకరి భాష ఒకరికి సరిగా రాకపోయినను, పళ్లెము నడుమ పెట్టుకొని నేర్చుకొనియుందురు. మన నల్లపూసలును ఇట్లే ఎల్లలు మీరినవి. ఆంధ్రదేశమున, తెలంగాణమున పుస్తెలతోపాటు నల్లపూసలు. కన్నడదేశమున అదే కరిమణి. మహారాష్ట్రమున మంగళసూత్రమే నల్లపూసలతో కూడినది. వీనిని, సూదులను, దువ్వెనలను తట్టలో పెట్టుకొని ఊరూర తిరిగి అమ్ముటే వృత్తిగా గల పూసలవారను కులమే మనకు కలదు. ఇంటి గడప దాటని స్త్రీలకు రంగుల వార్త తెచ్చినవారు వారే.

నేడు ఈ అభిరుచి గలవారికి సరకు కొఱత లేదు. ఢిల్లీలో సదర్‌బజారు, కినారీబజారులలో ఫిరోజాబాదు, పుర్దిల్‌నగరముల గాజుపూసలు తూకముతో దొరకును. జపానులోని హిరోషిమా ప్రాంతపు యంత్రశాలలనుండి వచ్చునవి ఒకదానికొకటి అచ్చు గ్రుద్దినట్లుండును; వెలయు అధికము. పూసలకు నంబరు హెచ్చినకొలది పరిమాణము తగ్గునని క్రొత్తవారు గుర్తుంచుకొనవలెను. పదునొకండవ నంబరు పూస రెండు మిల్లీమీటర్లకు అటునిటుగా నుండును. పదునైదవది ఇంకను చిన్నది, కన్నులకు పని. తోరణమునకు మన దేశపు పూసలే నాకు బాగుగా తోచును. వానిలో కొంచెము లావు, కొంచెము సన్నము ఉండుటచే అల్లిక జీవముతో నుండును.

నా తగవు మరల చెప్పెదను. రాణి మేఖలకు మ్యూజియము కలదు, కొండాపురపు పూసలకు గ్రంథము కలదు, కాఠియావాడు తోరణములను దేశవిదేశముల సంగ్రహాలయములు కొనినవి. 20 వ శతాబ్దిలో తెలుగు గృహిణులు అల్లిన చిలుకలకు, కలశములకు, బొమ్మల కొలువులో పై మెట్టున కూర్చున్న పూసల ఏనుగులకు ఎట్టి పట్టికయు లేదు. ప్రత్తిదారము నలుబది ఏబది ఏండ్లకు చివుకును. దారము తెగిన అల్లిక చిరిగిన పుస్తకమువంటిది కాదు. ఒక్క క్షణమున అక్షరములన్నియు నేలపాలగును. బదిలీల కాలమున అట్టివి మొదట అటక యెక్కును, తరువాత పాతసామానువానికి చేరును. మన సంఘమువారు ప్రతి సంవత్సరము జరుపు కళాప్రదర్శనములో క్రొత్త పనులకు బహుమతులిచ్చుచున్నారు. అదే బల్లపై ఇండ్లలో మిగిలిన పాత అల్లికలను కూడ తెప్పించి, ఫోటో తీసి, అల్లినవారి పేరు, ఊరు, ఏడు వ్రాసి ఉంచినచో ఖర్చు స్వల్పము. కార్యవర్గమువారు ఈ సూచనను ఆలోచింతురుగాక.

ఇటీవల ఒక సభ్యుని యింట, దేవుని గది గుమ్మముపై, అట్టి తోరణము నొకదానిని చూచితిని. రెండు చిలుకలు, నడుమ కలశము. క్రింద నీలపు పూసలతో 1961 అను అంకెయు, రెండు తెలుగు అక్షరములును ఉన్నవి. అల్లినవారు వారి మేనత్తగారు. అది వారి తల్లిదండ్రుల పెండ్లికి వచ్చిన కానుక. మూడవ అక్షరము ఉండెడిదట. దారము తెగి రాలగా, ఆ యింటి ఇల్లాలు ఆ పూసలను ఒక్కటియు పోనీయక ఏరి, అగ్గిపెట్టెలో పెట్టి ఉంచినారు. నీలపువి పదునేడు, తెల్లనివి నలుబది.